ఈ నొప్పి మన పాత వాతమేనా?

పోయిన మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. పూటకు మూడు గంటల పైచిలుకు నిలబడటం, వరసల మధ్య తిరగడం. ఐదో పరీక్ష అయ్యాక గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మెట్లెక్కుతుంటే కుడిపాదం మీద ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆ రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే మడమ మీద బరువు వేసి, గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది.

నాకు పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉంది. మన వైపు కీళ్లవాతం అంటారు. నొప్పి నాకు కొత్తేమీ కాదు కాబట్టే పొరబడ్డాను. వాతం మళ్లీ తిరగబెట్టిందనుకున్నాను. పాత చీటీ తీసి, బీరువాలో మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్రలు డాక్టర్ని అడక్కుండానే ఐదు రోజులు వేసుకున్నాను. మూడో రోజుకల్లా చేతివేళ్లు తేలికపడ్డాయి, మణికట్టు హాయిగా తిరిగింది. పాదం మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కీళ్లన్నిటికీ పనిచేసిన మందు ఆ ఒక్క చోట ఎందుకు పనిచేయలేదని అప్పుడు నాకు తట్టలేదు. తట్టుంటే ఐదు రోజులు వృథా అయ్యేవి కావు.

కీళ్లవాతం, సోరియాసిస్‌తో పాటు వచ్చే కీళ్లజబ్బు, వెన్ను బిగదీసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్. ఇలాంటి జబ్బులతో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాత జబ్బు ఉన్నంత మాత్రాన ప్రతి కొత్త నొప్పీ దాని ఖాతాలోకే పోదు. అంతేకాదు, ఆ పాత జబ్బూ దానికి మనం మింగే మందులూ కలిసి పాదంలో కొన్ని కొత్త జబ్బులకు దారి వేస్తాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. వాపు, నొప్పి, కాలు నేలకు ఆనించలేకపోవడం. వైద్యాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. ఒకదానికి ప్రాణం పోసే మందు ఇంకోదానిలో కాలు తీసేయించే దాకా తేవచ్చు.

ఒకే మాట కింద ఎన్ని జబ్బులో

వాతం అనే మాట మనకు చాలా ఉపయోగపడుతుంది, అంతే ఇబ్బందీ పెడుతుంది. మోకాళ్లరిగినా వాతమే, బొటనవేలు వాచినా వాతమే, నడుం పట్టేసినా వాతమే. నిజానికి మన పాతకాలపు వైద్యులు ఇంత గుండుగుత్తగా మాట్లాడలేదు. ఆమవాతం వేరన్నారు, సంధివాతం వేరన్నారు, వాతరక్తం వేరన్నారు. వాతరక్తం పాదం మొదట్లో పుట్టి ఎలుక విషంలా పాకుతుందని ఆయుర్వేదం చెప్పింది. ఆ లక్షణాలు ఈనాడు గౌట్ అని పిలుస్తున్న, కీళ్లలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకునే జబ్బుకు చాలా దగ్గర.

పడమటి దేశాల్లోనూ ఇదే చిక్కు ఉండేది. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ గారాడ్ అనే డాక్టరు 1848లో గౌట్ రోగుల రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉందని చూపించాడు. రోగి రక్తం నుంచి తీసిన సీరంలో కాస్త ఆమ్లం కలిపి, అందులో నారపోగు వేసి ఉంచితే దానికి స్ఫటికాలు అతుక్కునేవి. అవి కనిపిస్తే గౌట్. కీళ్లు వాచి కూడా ఈ యూరిక్ యాసిడ్ ఎక్కువగా లేని జబ్బు ఒకటి ఉందని గమనించి, దానికి 1859లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టాడు. మా జబ్బుకున్న పేరే దాన్ని ఇంకో జబ్బు నుంచి వేరు చేయడానికి పుట్టింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు. నూట అరవై ఏళ్ల కిందట ఒక మనిషి నారపోగుతో విడదీసిన ముడిని నేను బీరువాలోని మాత్రలతో మళ్లీ బిగించాను.

వాతానికి కొన్ని అలవాట్లున్నాయి

మన ఒక్కో పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు ఉంటాయి. కదిలే ప్రతి కీలు లోపలా ఒక పల్చటి పొర ఉంటుంది. కీళ్లవాతంలో మన రోగనిరోధక శక్తి ఆ పొర మీద దాడి చేస్తుంది. పొర ఉబ్బుతుంది, నీరు ఊరుతుంది, మంట పుడుతుంది. చాలామందికి ఈ జబ్బు మొదట బయటపడేది పాదం ముందు భాగంలోనే, వేళ్ల మొదళ్ల దగ్గర. పొద్దున్నే మంచం దిగి నేల మీద అడుగు పెడితే గులకరాళ్ల మీద నడుస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి పాదం నొప్పి నిజంగా వాతమే అయ్యే అవకాశం కూడా బాగానే ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

అయితే ఏళ్ల తరబడి వెంట ఉన్న జబ్బుకు అలవాట్లు ఉంటాయి. అది ఎక్కువగా జంటగా వస్తుంది. కుడి పాదంతో పాటు ఎడమ పాదం, పాదాలతో పాటు చేతివేళ్లు. పొద్దున గంటో రెండు గంటలో బిగుసుకుపోయి, కదిలేకొద్దీ కొంత సడలుతుంది. ఒక్క క్షణంలో రాదు. రెండు మూడు రోజుల ముందునుంచే నీరసం, ఒళ్లు బరువు, ఉంగరం బిగుతవడం లాంటి కబుర్లు పంపుతుంది. స్టెరాయిడ్‌కు లొంగుతుంది. ఎవరి వాతం ఎలా వస్తుందో వాళ్లకు బాగా తెలుసు. డాక్టరు కన్నా బాగా తెలుసు.

ఆ అలవాటు తప్పిన నొప్పిని అనుమానించాలి. ఒక్క కీలు మాత్రమే, మిగతావన్నీ ప్రశాంతంగా ఉండగా. లేదా కీలు కూడా కాదు, రెండు కీళ్ల మధ్య ఎముక మీద ఒక్క చోట. లేదా ఫలానా మెట్టు మీద, ఫలానా గంటకు అని చెప్పగలిగినంత హఠాత్తుగా. లేదా మన లెక్కకు అందనంత తీవ్రంగా.

కొత్తపేటలో నన్ను చూసే రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరమ్మ, ఆ రోజు చేసిన మొదటి పని చాలా చిన్నది. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండమ్మా" అన్నారు. చూపించాను. మూడో వేలికి వెనక, పాదం పైభాగాన, రూపాయి బిళ్లంత చోటు. ఆవిడ అక్కడ బొటనవేలితో నెమ్మదిగా నొక్కేసరికి కుర్చీలోంచి లేచినంత పనైంది. పక్కన అర అంగుళం జరిపి నొక్కితే ఏమీ లేదు. "వాతం నొప్పిని మీరెప్పుడూ అరచేత్తో చూపిస్తారు. ఈసారి వేలితో చూపించారు" అన్నారు.

ఎక్స్‌రేలో ఏమీ లేదు కదా

ఆ రోజు తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మావారు ఊపిరి పీల్చుకున్నారు, నేనూ పీల్చుకున్నాను. డాక్టరు మాత్రం ఎంఆర్ఐ రాశారు. అందులో మూడో వేలి వెనక ఉండే పొడుగాటి ఎముకలో, వేలి వైపు సన్నబడే చోట సన్నటి పగులు, దాని చుట్టూ ఎముక లోపలంతా వాపు కనిపించాయి.

దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. పడక్కర్లేదు, దెబ్బ తగలక్కర్లేదు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట విరిగినట్టు, మళ్లీ మళ్లీ పడిన బరువుకు ఎముక చిట్లుతుంది. మాలాంటివాళ్లకు ఇది ఎందుకు ఎక్కువో తెలుసుకోవాలి. వాతం మంట ఎముకను లోపల్నుంచి తినేస్తుంది. దాన్ని ఆపడానికి వాడే స్టెరాయిడ్ నెలలు, ఏళ్లు సాగితే ఎముకల్ని గుల్లబారుస్తుంది. పైగా ఏళ్ల వాతం వల్ల బొటనవేలు పక్కకు తిరిగిపోతుంది. నడిచేటప్పుడు అది మోయాల్సిన బరువు పక్కనున్న రెండో, మూడో ఎముకల మీద పడుతుంది. అవి బొటనవేలి ఎముక కన్నా చాలా సన్నం. దానికి తోడు ఎప్పుడూ లేని నడక కొన్నాళ్లు వరసగా పడితే చాలు. నాకు పరీక్షల డ్యూటీ. ఇంకొకరికి కోటప్పకొండ మెట్లు, మరొకరికి కూతురి పెళ్లిలో పరుగులు.

ఇలాంటి పగులు మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. రెండు మూడు వారాలకు ఎముక అతుక్కోవడం మొదలై, కొత్త ఎముక ముద్దగా పేరుకున్నప్పుడు తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి మొదటి రోజు ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని అర్థం కాదు. నొప్పి తగ్గకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ తీయించాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి.

వైద్యం అంటే ముఖ్యంగా ఆ ఎముక మీద బరువు పడకుండా చూడటమే. గట్టి అడుగున్న బూటు, ఆరు నుంచి ఎనిమిది వారాలు తక్కువ నడక. చెప్పినంత తేలిక కాదు. నాకు సెలవులు కలిసొచ్చాయి. గుంటూరు మిర్చి సీజన్లో కోల్డ్ స్టోరేజీల దగ్గర గొంతుక్కూర్చుని రోజంతా తాలుకాయలు ఏరే ఆడవాళ్లలోనూ కీళ్లవాతం ఉన్నవాళ్లు ఉంటారు. గొంతుక్కూర్చుంటే బరువంతా పడేది ఈ వేళ్ల మొదళ్ల మీదే. ఆరు వారాల విశ్రాంతి అంటే వాళ్లకు ఆరు వారాల కూలి. చీటీ మీద విశ్రాంతి అని రాసే డాక్టర్లు ఆ మాట కూడా అడగాలి. పీట మీద కూర్చుని చేసే పని దొరుకుతుందేమో, బూటు కొనగలరో లేదో కనుక్కోవాలి.

గౌట్ వచ్చిందంటే

కీళ్లవాతం ఉన్నవాళ్లకు గౌట్ రాదని చాలాకాలం నమ్మారు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఇప్పుడు తెలుసు. గౌట్ పోటు సాధారణంగా రాత్రిపూట వస్తుంది. పడుకునేటప్పుడు బాగానే ఉన్న మనిషి తెల్లవారుజామున బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు లేస్తాడు. చర్మం ఎర్రగా నిగనిగలాడుతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఒక్క రోజులో నొప్పి తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో దానంతటదే దిగుతుంది. మగవాళ్లకు ఎక్కువ. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక వచ్చే అవకాశం పెరుగుతుంది. బీపీకి వాడే, నీరు ఎక్కువ పోయేలా చేసే మాత్రలు, గుండెకు వాడే చిన్న ఆస్పిరిన్, కిడ్నీ జబ్బు, మన మే నెల ఎండల్లో నీళ్లు చాలకపోవడం కూడా దీన్ని రేపుతాయి.

ఇక్కడ గోంగూర సంగతి చెప్పాలి. గుంటూరులో ఎవరికి కాలు వాచినా ముందు మానమనేది గోంగూర, తర్వాత వంకాయ, ఆపైన పప్పు. యూరిక్ యాసిడ్‌ను నిజంగా పెంచేవి కార్జం లాంటి లోపలి మాంసాలు, వేటమాంసం, కొన్ని రకాల చేపలు, రొయ్యలు, బీరు, కూల్‌డ్రింకుల్లోని చక్కెర. కూరగాయలు, పప్పుల వల్ల గౌట్ ముప్పు పెరగలేదని 2004లో అచ్చయిన పెద్ద అధ్యయనం తేల్చింది. గోంగూరలో ఉండే పులుపు కిడ్నీలో ఒక రకం రాళ్లున్నవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం, అది వేరే కథ. ఉన్న జబ్బు చాలక నోటికి ఇష్టమైన పచ్చడి కూడా ఊరికే మానుకోవడం నాకు బాధనిపిస్తుంది.

చీము పట్టిన కీలు

ఈ వ్యాసంలో ఏదైనా ఒక్కటి గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. కీళ్లవాతం ఉన్నవాళ్ల కీలులోకి సూక్ష్మజీవులు దిగడం మామూలు వాళ్లలో కన్నా ఎక్కువ. దెబ్బతిన్న కీలు వాటికి అనువైన చోటు, మందులు మన కాపలాను తగ్గించి ఉంచుతాయి. రోజుల్లోనే కీలు లోపలి మృదులాస్థి కరిగిపోతుంది. రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు.

మా పెద్దమ్మది తెనాలి. ఇరవై ఏళ్ల వాతం, పదేళ్ల షుగరు. ఒకరోజు చీలమండ వాచింది. నేను ఫోన్ చేస్తే "పాత వాతమేలేవే, రెండ్రోజులుంటే అదే పోద్ది" అంది. కోడలు నువ్వులనూనె మర్దన చేసింది, ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. జ్వరం లేదు. జ్వరం లేదు కాబట్టి ఎవరికీ భయం వేయలేదు. నాలుగో రోజు చూడటానికి వెళితే ఆ చీలమండ మీద చెయ్యి ఆనించగానే సెగ తెలిసింది. రెండో కాలు చల్లగా ఉంది. చేతులు, మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. అరికాలు తిప్పి చూస్తే ఆనెకాయ దగ్గర ఎండిన రక్తం. వారం కిందట బ్లేడుతో గీసుకుందట.

పాతిక కిలోమీటర్లు కారులో గుంటూరు తెచ్చాం. క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు చీలమండలోకి సూది గుచ్చి సిరంజి వెనక్కి లాగాడు. మామూలుగా ఆ నీరు నూనెలా స్వచ్ఛంగా, లేత పసుపుగా ఉండాలి. వాతం ఎక్కువైతే కొంచెం మసకబారుతుంది. పెద్దమ్మ సిరంజిలోకి చిక్కటి గంజిలాంటిది వచ్చింది. ఆ అబ్బాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఫోన్ అందుకున్నాడు. ఆ రాత్రే కీలు కడిగారు, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు.

జ్వరం ఎందుకు లేదు? ఆవిడ రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్ర జ్వరాన్ని అణిచిపెట్టింది. వాతానికి ఇచ్చే, రోగనిరోధక శక్తిని అదుపు చేసే కొన్ని బయలాజిక్ ఇంజెక్షన్లు, ముఖ్యంగా టోసిలిజుమాబ్, ఒంట్లో మంట ఉందని చెప్పే సీఆర్‌పీని కూడా రక్తంలో పెరగనీయవు. అందుకని మాలాంటివాళ్లలో జ్వరం లేకపోవడం, సీఆర్‌పీ బాగుండటం ధైర్యం చెప్పే విషయాలు కావు. మిగతా కీళ్లతో పొంతన లేకుండా ఒక్క కీలు వేడెక్కి, వాచి, కదపనివ్వకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేపు కాదు. ఆదివారమైతే సోమవారం దాకా ఆగడం కూడా కాదు. గుంటూరులో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. కదల్లేకపోతే 108 ఉంది.

మిగతావి

సోరియాసిస్ కీళ్లజబ్బు, స్పాండిలైటిస్ ఉన్నవాళ్లకు మడమ వెనకా కిందా, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ అతుక్కునే చోట మంట పుడుతుంది. పొద్దున మొదటి అడుగు నరకం. ఇది వాళ్ల జబ్బులో భాగమే, కాబట్టి రుమటాలజిస్టు చూడాల్సిందే. మెత్తటి చెప్పులతో సరిపెట్టుకోకూడదు.

పిక్కను మడమకు కలిపే పెద్ద పట్టీ తెగితే వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుంది, టప్పుమని చప్పుడు కూడా వినిపించవచ్చు. మునివేళ్ల మీద లేవలేరు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వల్ల ఈ ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. మన దగ్గర విరేచనాలైనా, మూత్రంలో మంటైనా మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టేవి ఇవే.

రక్తనాళాల సంగతి అరుదే గానీ తొందర ఎక్కువ. రెండు అరచేతులూ రెండు పాదాల మీద ఒకేసారి పెట్టి చూడండి. నొప్పి ఉన్న పాదం చల్లగా, పాలిపోయి, తిమ్మిరెక్కి ఉంటే రక్తం అందడం లేదు. కాలిని కాపాడుకోవడానికి ఉండే వ్యవధి గంటల్లోనే, సుమారు ఆరు గంటలు. దీర్ఘకాలపు కీళ్లవాతం గుండెకూ రక్తనాళాలకూ ముప్పు పెంచుతుంది కనుక మాకు ఇది దూరపు విషయం కాదు. పిక్క వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు మర్దన చేయడం చాలా ప్రమాదం, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉన్నట్టుండి పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోతుంటే నరానికి రక్తం ఆగి ఉండవచ్చు. అదీ అదే రోజు చూపించుకోవాల్సిందే.

రిపోర్టులు ఎందుకు తికమక పెడతాయి

కాలు వాచిందనగానే మనం ముందు ల్యాబుకు పోతాం. యూరిక్ యాసిడ్, మంటను కొలిచే సీఆర్‌పీ, ఈఎస్ఆర్, రుమటాయిడ్ జబ్బుకు చేసే ఆర్ఏ ఫ్యాక్టర్. ఈ నాలుగూ మన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవు. సీఆర్‌పీ, ఈఎస్ఆర్ వాతంలోనూ పెరుగుతాయి, గౌట్‌లోనూ పెరుగుతాయి, చీము పట్టినా పెరుగుతాయి. ఇంట్లో పొగ వస్తోందని చెప్తాయి గానీ ఏ గదిలోనో చెప్పవు. ఆర్ఏ ఫ్యాక్టర్ పదేళ్ల కిందట పాజిటివ్ అయినవాళ్లకు సాధారణంగా ఇప్పుడూ పాజిటివే వస్తుంది, ఈ నొప్పికి అది సాక్ష్యం కాదు. యూరిక్ యాసిడ్ అయితే మరీ. రక్తంలో డెసీలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది స్ఫటికాలుగా కట్టగలదు, నిజమే. కానీ దాటిన ప్రతివాళ్లకూ గౌట్ రాదు. గౌట్ పోటు నడుస్తుండగా తీస్తే అంకె మామూలుగానూ ఉండొచ్చు. అందుకే పోటు తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తారు.

అసలు సంగతి తేల్చేది ఆ కీలులోంచి తీసిన నీరు. 1961లో గౌట్ రోగుల కీళ్ల నీటిలో సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలను ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద చూపించారు. అప్పటినుంచి అదే గీటురాయి. ఆ నీటిలోనే తెల్లకణాలు లెక్కిస్తారు, సూక్ష్మజీవులను పెంచి చూస్తారు. స్ఫటికాలు కనిపించినంత మాత్రాన చీము లేదని కూడా అనుకోకూడదు, రెండూ కలిసి ఉండొచ్చు. వీలైనంత వరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నీరు తీయాలి. లేకపోతే సూక్ష్మజీవి కల్చర్‌లో దొరక్కుండా పోతుంది. కీలులోకి సూది అంటే భయపడి వద్దనేవాళ్లు చాలామంది. పాదంలో చిన్న కీళ్లకు అల్ట్రాసౌండ్ సాయంతో చేస్తారు. నొప్పి కొద్ది నిమిషాలే.

ఆ రాత్రి మందుల డబ్బా ముందు

డాక్టరు దగ్గరికి చేరేలోపు మనం చేసే పనులు ఒక్కోసారి జబ్బు కన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. నేను చేసినట్టు స్టెరాయిడ్ పెంచుకుంటే, ఉన్నది చీము అయినప్పుడు దానికి తలుపులు బార్లా తెరిచినట్టే. అలాగని రోజూ వేసుకునే స్టెరాయిడ్‌ను భయపడి ఒక్కసారిగా ఆపేయకూడదు. నెలల తరబడి బయటినుంచి అందినప్పుడు ఒంట్లో సొంత తయారీ మందగించి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. నొప్పి ఎక్కువైందని రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ స్ట్రిప్పు మీద వేసుకునే రోజు పేరు స్కెచ్‌పెన్నుతో పెద్దగా రాసి పెట్టండి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ కలిస్తే అదే రకం ప్రమాదం. యాంటీబయాటిక్ కొనేముందు మీరు వాడే మందులన్నీ చెప్పండి. మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలు బాగాలేనివాళ్లకు, కడుపులో పుండున్నవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు మంచివి కావు. అప్పటికి నిలదొక్కుకోవడానికి పారాసెటమాల్ మోతాదు మించకుండా వేసుకుని, కాలు దిండు మీద ఎత్తి పెట్టి, నడక ఆపేయడం చాలు. ఏమిటో తెలిసేదాకా మర్దన వద్దు, కాపడం వద్దు, నాటు కట్టు అసలే వద్దు. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే ఆ వారం మెథోట్రెక్సేట్, బయలాజిక్ వేసుకోవాలా ఆపాలా అన్నది మాత్రం ఫోన్ చేసైనా డాక్టర్నే అడగండి.

డాక్టరు ముందు కూర్చున్నాక "కాలు నొప్పండీ" అని ఆగిపోవద్దు. ఏ గంటకు వచ్చింది, అప్పుడేం చేస్తున్నారు, ఒక్క వేలితో చూపించగలరా, ఎప్పుడూ వచ్చే వాతానికీ దీనికీ ఏమిటి తేడా, గత పదిహేను రోజుల్లో గాయం, పగుళ్లు, కొత్త మందు, కొత్త నడక ఏవైనా ఉన్నాయా అన్నవి చెప్పండి. పదకొండేళ్ల ఫైలు చూడగానే "ఇది వాతమే" అనడం డాక్టర్లకూ సులువే. అలా అన్నప్పుడు గౌరవంగానే అడగొచ్చు. "ఈసారి ఒక్క కీలే కదండీ, ఇన్‌ఫెక్షన్, పగులు కాదని ఎలా తెలుసుకుందాం?" అని. ఈ ఒక్క ప్రశ్నకు విసుక్కునే డాక్టర్ని నేనింతవరకూ చూడలేదు.

నా పగులు అతుక్కుంది. ఎముకల సాంద్రత పరీక్ష ఆ తర్వాతే చేయించుకున్నాను. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడుతూ కూడా అంతకుముందు ఒక్కసారీ చేయించుకోలేదు, నేను అడగనూ లేదు. మూడు నెలలకు మించి స్టెరాయిడ్ వాడాల్సి వచ్చే ఎవరైనా ఆ పరీక్ష గురించి, కాల్షియం, విటమిన్ డి గురించి వచ్చేసారి చూపించుకున్నప్పుడు అడగండి.

పెద్దమ్మ చీలమండ పూర్తిగా వంగదు. గుమ్మం దాటాలంటే పక్కకు తిరిగి కాలు వేస్తుంది. బ్లేడు ఇంట్లోంచి పోయింది. రోజూ రాత్రి పడుకునేముందు కాళ్లు కడుక్కుని మంచం మీద చాపుతుంది, మనవరాలు ఫోన్ టార్చి వేసి రెండు అరికాళ్లూ వేళ్ల సందులతో సహా చూస్తుంది, ఆ తర్వాతే లైటు ఆర్పుతుంది.